నాలుగో మెట్టు మీది వస్తువు

మానవ నాగరికత ఎంత ఎత్తుకు ఎదిగిందో తెలుసుకోవాలంటే, వందేళ్లనాటి ఇంట్లో కింద ఒక బాత్రూం కట్టుకుంటానని దరఖాస్తు పెట్టి చూడాలి.

ఆ ఇల్లు అటూ ఇటూ ఇళ్లతో గోడలు పంచుకుని, వెడల్పుకు నోచుకోక పైకి పెరిగింది. ఇంటాయన దాన్ని ఈ కాలపు సంసారానికి తగ్గట్టు మార్చాలనుకున్నాడు. భార్యకు గోడల్లేని వంటగది కావాలి. పిల్లలకు అద్దాల పైకప్పు కావాలి. ఉన్న ఒక్క బాత్రూమూ పందొమ్మిది మెట్ల పైన ఉంది. అమ్మకు ఎనభై రెండేళ్లు, ఆవిడ మోకాళ్లకు ఇంకా ఎక్కువ.

"నాకు అద్దాలూ వద్దు గిద్దాలూ వద్దురా. మెట్ల కింద ఇంత చోటిస్తే చాలు," అంది అమ్మ.

పాత కట్టడాల పరిరక్షణ కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వచ్చి ఫారం ఇచ్చాడు. 'ఇంట్లో అరవై ఏళ్లు పైబడినవి, అవి ఉన్న చోటు' రాయాలి. ఇంటాయన ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాడు. గడి ఖాళీగా వదలడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. తలుపులు రాశాడు, మెట్లు రాశాడు, గోడ నెమ్ము కూడా రాశాడు (అదీ పాతదే). పదమూడు వరుసలు నిండి ఒకటి మిగిలింది. పైకి వెళ్లబోయిన అమ్మ నాలుగో మెట్టు మీద కూలబడి ఆయాసపడుతోంది.

"అమ్మను కూడా రాయాలాండీ?"

"ఈ ఇంటికి వచ్చి ఎన్నేళ్లయింది?"

"అరవై ఒకటి."

"మరి రాయకపోతే తప్పు కదండీ," అన్నాడు అధికారి, ఎక్కడా నవ్వకుండా.

"నన్ను కూడా ఎక్కించావుట్రా?" అంది అమ్మ.

"ఖాళీ ఉంచితే ఫారం తిప్పి పంపుతారమ్మా."

మూడు వారాల్లో జవాబొచ్చింది. వంటగది గోడ కొట్టుకోవచ్చు, అద్దాలు వేసుకోవచ్చు. బాత్రూముకు మాత్రం వీల్లేదు. మెట్ల కింద తవ్వితే మెట్లు కదులుతాయి, మెట్లు కదిలితే నాలుగో మెట్టు మీదున్న పద్నాలుగో వస్తువు కదులుతుంది. కావాలంటే అప్పీలు చేసుకోవచ్చు (అప్పీలు విభాగం నాలుగో అంతస్తులో ఉంది, అక్కడి లిఫ్టు కూడా పాత కట్టడమే గనక దాన్ని కదపరు).

ఇంటాయన అప్పీలు రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఉండగానే వంటగది గోడ పడిపోయింది, అద్దాలు వచ్చేశాయి. "ముందీ రంగులు కానీండి, అత్తయ్యగారి పని తర్వాత చూద్దాం," అంది భార్య. అమ్మ మంచినీళ్లు తాగడం తగ్గించింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు వెలుతురును మెచ్చుకుంటుంటే, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

అక్కకు మాత్రం పట్టింది. "మా ఇంట్లో అద్దాలు లేవు గానీ తమ్ముడూ, కింద బాత్రూం ఉంది," అని అమ్మనూ ఆవిడ సంచినీ తీసుకెళ్లిపోయింది. ఇంటాయన సంచి కారు దాకా మోసి, "నాలుగు రోజులుండి రామ్మా," అన్నాడు. మెట్ల కింద చోటు ఊరికే ఎందుకని చెప్పుల బీరువా పెట్టారు.

నాలుగు నెలలకు మళ్లీ తనిఖీ జరిగింది. వారంలో నోటీసు వచ్చింది. 'పద్నాలుగో వస్తువును అనుమతి లేకుండా తరలించారు. పదిహేను రోజుల్లో యథాస్థానమునకు తీసుకురావలెను.'

చదువుతుంటే ఇంటాయనకు సిగ్గేసింది. ఈ నాలుగు నెలల్లో అమ్మను తీసుకురమ్మని అడిగింది ఆ కార్యాలయం ఒక్కటే. కింద 'ఎప్పుడు తీసుకువస్తారు?' అని ఒక గడి ఉంది. ఆయన కలం తీశాడు, పేరు రాశాడు, చిరునామా రాశాడు, సంతకం పెట్టాడు. ఆ గడిని మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఖాళీగా వదిలేశాడు.