పంతొమ్మిదో అధ్యాయం మీద ఒక ప్రశ్న

ఆ ఆదివారం పొద్దున్న జీరో మేడమ్ వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. పదకొండు గంటలకి గ్రంథాలయంలో జరిగే రచయితతో ముఖాముఖికి వెళ్ళాలి, ఒకే ఒక్క ప్రశ్న అడగాలి, జవాబు విని భోజనం వేళకి ఇల్లు చేరాలి.

పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆవిడ ఆపరేటరు. సున్నా నొక్కితే పలికేది ఆవిడే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పన్నెండో ఏట చూపు పూర్తిగా పోయింది, ఇప్పుడు యాభై రెండు. పుస్తకాలంటే ప్రాణం. అన్నీ చెవులతోనే చదువుతుంది, అదీ రెండున్నర రెట్ల వేగంతో. పక్కవాళ్ళకి అది రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వినిపిస్తుంది.

"పాపం, ఆ మనిషిని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి వదినా!" అంది మరదలు ఇస్త్రీ చేస్తూ.

"ఊపిరి తీసుకుంటూ చదివితే ఈ పుస్తకం పదకొండు గంటల నలభై నిమిషాలు. అంత ఖాళీ నాకెక్కడిది?" అంది మేడమ్.

అది డిటెక్టివ్ నవల. రాసిన మనిషి ఆడో మగో కలం పేరునిబట్టి తేలదు, ముద్రించిన పుస్తకం మీద ఫోటో లేదు. రికార్డింగులో మాత్రం రచయితే స్వయంగా చదివాడు కాబట్టి, ఆయన మగవాడన్న సంగతి విన్నవాళ్ళకి తెలుసు. మేడమ్ ఐదుసార్లు విన్నది. పుస్తకమంతా బంగారమే, ఒక్క పంతొమ్మిదో అధ్యాయం తప్ప. అందులో చూపులేని సంగీతం మాస్టారు హంతకుడి మొహాన్ని రెండు చేతులా తడిమి, 'వీడే!' అని పట్టేస్తాడు. అక్కడికి వచ్చిన ప్రతిసారీ మేడమ్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఇదివరకు ఇలాంటి సభలకి రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి మైకు ఆవిడ తల మీదుగా వెనక వరుసలోకి వెళ్ళిపోయింది. రెండోసారి చేతిలో పూలగుత్తి పెట్టి, ఫోటో తీసి, "మీరు రావడమే మాకు పదివేలు" అని కూర్చోబెట్టేశారు. ఎత్తిన చెయ్యి భుజం దాకా లాగింది కాని ప్రశ్న కడుపులోనే ఉండిపోయింది. ఈసారి మైకు ఇవ్వకపోతే లాక్కోవడమేనని ఆవిడ తీర్మానించుకుంది.

తమ్ముడు మంచివాడు. ఆ మంచితనమే ఇంట్లో అందరి ప్రాణానికీ వచ్చింది. అక్క స్నానానికి వెళ్ళిన సందు చూసి గ్రంథాలయానికి ఫోన్ చేశాడు. తెలిస్తే అక్క ఇల్లు పీకి పందిరేస్తుందని పేరూ వావీ ఏమీ చెప్పకుండా, "చూపులేని పాఠకులొకరు వస్తున్నారండీ, కాస్త దగ్గరుండి చూసుకోండి" అని గబుక్కున పెట్టేశాడు. అవతల విన్నది కొత్త కార్యదర్శి. చేరి పది రోజులు. రచయితని ఉత్తరం రాసి పిలిచిన లైబ్రేరియన్‌కి, మేడమ్‌ని పద్నాలుగేళ్ళుగా ఎరిగిన మనిషికి, ఆదివారం సెలవు.

కారు దిగేటప్పుడు మళ్ళీ గొడవ. "లోపలిదాకా వస్తాను అక్కా" అంటాడు తమ్ముడు. "వస్తే నేను తిరిగి ఇంటికి నడిచొస్తాను" అంటుంది అక్క. ఆ విసురులో తలుపు ధడాలున వేసి దిగిపోయింది. కారు వెళ్ళిపోయింది, వెనక సీట్లో ఆవిడ తెల్లకర్రతో సహా. మేడమ్ ఒక్క క్షణం ఆగింది. ఫోన్ చేస్తే తమ్ముడు వచ్చి తిష్ట వేస్తాడు. అక్కర్లేదు. తొమ్మిది మెట్లు, కుడివైపు పట్టుకోడానికి కమ్మీ, పైన బరువైన అద్దం తలుపు. ఆ దారి ఆవిడకి కొట్టిన పిండి. నల్లకళ్ళద్దాలు పెట్టుకునే అలవాటు ఎప్పుడూ లేదు. భుజాన సంచీతో తలెత్తుకుని లోపలికి నడిచింది.

తలుపు దగ్గర కార్యదర్శి ఎదురొచ్చాడు. "నవల గురించేనా మేడమ్ వచ్చారు?"

"ఇంకెందుకొస్తాను? పంతొమ్మిదో అధ్యాయం గురించి గట్టిగా మాట్లాడాలి."

కార్యదర్శి పొంగిపోయాడు. రచయిత్రి ఇంత నిరాడంబరంగా ఒక్కతే వచ్చేసిందన్నమాట! "రండి రండి, మీకోసమే చూస్తున్నాం. కుర్చీ, మైకు, అన్నీ సిద్ధం."

మైకు సిద్ధమన్న మాట వినగానే మేడమ్ మనసు కరిగిపోయింది. ఇన్నాళ్ళకి వీళ్ళకి బుద్ధొచ్చిందనుకుంది. అతని మోచెయ్యి పట్టుకుని వెళ్ళి వేదిక మీది కుర్చీలో కూర్చుంది. ఆ పట్టుకోవడాన్ని కార్యదర్శి కలుపుగోలుతనం కింద జమ కట్టుకున్నాడు.

ఐదు నిమిషాలకి అసలు రచయిత వచ్చాడు. రెండు రోజులుగా కళ్ళకలక. చింతనిప్పుల్లాంటి కళ్ళని నల్లద్దాల వెనక దాచుకుని వస్తూ, నీళ్ళు కారి గడప సరిగ్గా కనపడక తూలాడు. అంతే, ఇద్దరు కార్యకర్తలు చెరో రెక్కా పట్టుకున్నారు.

"అయ్యా, నేను..."

"మీరేం మాట్లాడకండి సార్, అన్నీ మేం చూసుకుంటాం."

ముందు వరుసలో కుర్చీ తడిమి చూపించి మరీ కూలేశారు. మంచినీళ్ళ గ్లాసు పెదాలకి ఆనించారు. చొక్కా బొత్తాలు సరిచేశారు. నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు భుజం మీద జాలిగా తట్టడంతో, తెరిచిన నోరు ఆయన మళ్ళీ మూసుకోవలసి వచ్చింది.

ముఖాముఖి మొదలైంది. ముందుగా ఒక రిటైరైన మాస్టారు లేచాడు. "మూడో అధ్యాయంలో ఆ వాన మీకెలా తట్టిందమ్మా?"

మేడమ్‌కి అప్పుడు వెలిగింది, వీళ్ళు తనని ఎవరనుకుంటున్నారో. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే మైకు పోతుంది. పోయిన మైకు మళ్ళీ రాదని ఆవిడకి రెండు సభల అనుభవం. అబద్ధం మాత్రం ఆడదల్చుకోలేదు.

"ఆ వాన అనవసరం. నాలుగు పేజీలు తడవడం తప్ప కథకి ఒరిగిందేం లేదు" అంది.

హాలు గొల్లుమంది. "ఎంత ఆత్మవిమర్శ!" అన్నాడు మాస్టారు చప్పట్లు కొడుతూ. ముందు వరుసలో రచయిత ఉలిక్కిపడ్డాడు.

ఎనిమిదో అధ్యాయం సాగదీశారంది, చప్పట్లు. పోలీసు అధికారికి ఏడుపెక్కువ, బుర్ర తక్కువంది, మళ్ళీ చప్పట్లు. రచయిత లేవబోతే కార్యకర్తలు, "బాత్రూమా సార్?" అని ఆదరంగా అడిగారు. మేడమ్ గొంతు సవరించుకుంది. "ఇక పంతొమ్మిదో అధ్యాయం. నలభై ఏళ్ళుగా..."

"మేడమ్, క్షమించాలి!" కార్యదర్శి ఆవేశంగా వేదికెక్కాడు. "ఆ అధ్యాయం చదివి నేను రాత్రంతా ఏడ్చాను. అదృష్టం చూడండి, అలాంటి పాఠకుడే ఇవాళ మన మధ్య ఉన్నారు. సార్‌ని తీసుకురండి! మీ నవల్లోలాగే, తన అభిమాన రచయిత్రి మొహాన్ని తడిమి చూసి ఆనందిస్తారు!"

ఇద్దరు కార్యకర్తలు రచయితని అమాంతం పైకెక్కించారు. ఒకడు ఆయన కుడిచెయ్యి పట్టుకుని మేడమ్ మొహం వైపు చాచాడు. చెంపకి గాలి తగిలీ తగలకముందే మేడమ్ ఆ మణికట్టుని గాల్లోనే ఒడిసి పట్టుకుంది.

"ఎవరయ్యా నువ్వు? చెయ్యి పడిపోగలదు!"

"అదీ... నేను... మరి..." అన్నాడు ఆయన. నిదానంగా, నిద్రలో ఉన్నట్టున్న ఆ గొంతుని మేడమ్ ఎక్కడా విన్న గుర్తు లేదు. పట్టు ఇంకాస్త బిగించింది.

దాంతో ఆయనలో ముప్పావుగంట నుంచీ అణిగి ఉన్నదంతా ఒక్కసారి బద్దలైంది. "అమ్మా వదలండి నేను గుడ్డివాణ్ణి కాను నాకు కళ్ళకలక ఆ నవల రాసింది నేనే నన్నెవరూ నోరెత్తనివ్వడం లేదు నాకు నేనుగా నీళ్ళు తాగడం వచ్చు!"

ఊపిరి తీసుకోకుండా అన్నాడు. సరిగ్గా రెండున్నర రెట్ల వేగం. మేడమ్ మొహం విప్పారింది.

"మీరా! ముందే ఇలా మాట్లాడొచ్చుగా? ఐదుసార్లు విన్న గొంతు!" మైకు దగ్గరికి లాక్కుంది. "అందరూ వినండి. రచయిత ఈయన. నేను పాఠకురాలిని. కనపడనిది నాకు."

హాలు నోరు తెరిచింది. కార్యదర్శి తేరుకుని, "మీకు కనపడదా? చూస్తే అలా అనిపించదే!" అన్నాడు.

"ఎలా ఉంటే అనిపిస్తుందో మీరు ముందే రాసి పెట్టుకున్నారుగా. దాన్నిబట్టే కదా ఈయన్ని మోసుకొచ్చారు."

"అయితే మేడమ్, ఆ మైకు రచయితగారికి..."

"ప్రశ్న అయ్యాక." ఆవిడ రెండు చేతులా మైకు పట్టుకుంది. "అయ్యా, నలభై ఏళ్ళుగా నాకు చూపు లేదు. ఈ నలభై ఏళ్ళలో నేను ఎవరి మొహమూ తడమలేదు. అంధుల బడిలో నాతో చదువుకున్నవాళ్ళెవరూ తడమలేదు. మేం ఇలా చేస్తామని మీకెవరు చెప్పారు?"

రచయిత నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎవరూ చెప్పలేదమ్మా. నేనూ ఎవర్నీ అడగలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండు సభల నుంచీ కడుపులో మోస్తున్న బరువు దిగిపోయి మేడమ్‌కి నిజంగా సంతోషమేసింది.

"మరి మీ లెక్క ప్రకారం మాస్టారు హంతకుణ్ణి ఎలా పట్టుకోవాలి?" అని అడిగాడాయన, ఈసారి వినడానికి.

"ఇప్పుడు మిమ్మల్ని పట్టుకున్నట్టే. గొంతు మార్చుకుని నిదానంగా మాట్లాడే మనిషి భయపడితే దొరికిపోతాడు" అంది మేడమ్, మైకు ఆయన చేతికిస్తూ.

బయట తమ్ముడు తెల్లకర్రతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఫోన్ సంగతి తనే ఒప్పేసుకున్నాడు. ఆవిడ తిట్టలేదు, కర్ర అందుకుంది. అతనికి అదే ఎక్కువ భయం వేసింది.

మూడు నెలలకి కొత్త రికార్డింగు వచ్చింది. మేడమ్ పంతొమ్మిదో అధ్యాయాన్ని జీవితంలో మొదటిసారి మామూలు వేగంతో, ఒక్క మాట పోకుండా విన్నది. ఆ తర్వాత సున్నాకి వచ్చే ఫోన్లని ఐదు నిమిషాలు పక్కసీటుకి మళ్ళించి, రచయితకి ఫోన్ చేసింది.

"పంతొమ్మిది బాగుందండీ. ఇక ఆ వాన సంగతి చూద్దాం."