తాబేలు కారుకు నూట పది గుర్రాలు

పాత కారులో పాత ఇంజన్‌నే ఉంచుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఫోన్లు మార్చారు, టీవీలు మార్చారు, పార్టీలు మార్చారు. ఇంజన్ దగ్గరికొచ్చేసరికి ఎందుకండీ ఈ పాతివ్రత్యం?

నేను మార్చేశాను. అందుకే ఇంత ధైర్యంగా మాట్లాడుతున్నాను.

మా నాన్న కొన్న బీటిల్ కారొకటి నా దగ్గరుంది. ఆర్మూర్‌లో దాన్ని తాబేలు కారంటారు, నన్ను తాబేలు సారంటారు. నాకు ఎరువుల దుకాణం ఉందన్న సంగతి సగం ఊరికి తెలియదు. ఈ కారుకు ఇంజన్ వెనక ఉంటుంది, డిక్కీ ముందు ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పని లేదు. ఇంజన్‌కే ఒక ఫ్యాను ఉంటుంది, ఆ గాలికే అది చల్లబడుతుంది. బలం ముప్పై నాలుగు గుర్రాలు. అవీ వయసు మళ్లినవే.

దీనికి మా చుట్టాల్లో ఒకటే డ్యూటీ. ఎవరి పెండ్లయినా బరాత్ ఇందులోనే. ముందు బ్యాండు, బ్యాండు వెనక ఆడేవాళ్లు, వాళ్ల వెనక పూలవల కప్పుకుని మా కారు. మా అక్క శాంతవ్వ ముప్పై ఏళ్ల కిందట అత్తగారింటికి ఇందులోనే పోయింది. ఈ ఏడు ఆమె బిడ్డ మానసకు ఆలూర్ సంబంధం కుదిరింది. మేనమామను కదా, ఏం కావాలో అడుగు అన్నాను. చీర అడుగుతుందో, గొలుసు అడుగుతుందో అనుకున్నాను.

“అమ్మ పోయిన కార్లనే నేను పోవాలె మామా,” అంది. ఇంకేమీ అడగలేదు.

సరేనన్నాను. మాటిచ్చినవాడు కారు కడిగించి ఊరుకోవాలి. కానీ నేను అభివృద్ధి కాముకుణ్ణి!

పెండ్లి పత్రికలు ఇవ్వడానికి జక్రాన్‌పల్లి వెళ్తుంటే హైవే మీద బస్సు దాటింది, ఊరుకున్నాను. లారీ దాటింది, ఊరుకున్నాను. పసుపు బస్తాలతో పోతున్న ట్రాక్టర్ కూడా దాటింది. బస్తాల మీద కూర్చున్న ముసలమ్మ నా వైపు తిరిగి చెయ్యి కూడా ఊపింది. ఆత్మగౌరవం ఉన్నవాడెవడైనా దీన్ని సహిస్తాడా?

పాతికేళ్లుగా ఆ ఇంజన్‌ను బతికిస్తున్న మెకానిక్ హన్మండ్లు దగ్గరికి పోయి, పెద్ద ఇంజన్ బిగించమన్నాను. అతను ఒప్పుకోలేదు.

“గిది ఉరికే బండి కాదు సారూ,” అన్నాడు. “నడిచే బండి.”

ఫోన్ తీసి వీడియో చూపించాను. ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక గడ్డపాయన ఇదే కారులో పెద్ద ఇంజన్ పెట్టి పొగలు లేపుతున్నాడు. హన్మండ్లు పానా అందుకున్నాడు. ఆ వీడియోలో ఎక్కడా బ్యాండు మేళం లేదన్న సంగతి నేనప్పుడు గమనించలేదు.

మొత్తానికి నూట పది గుర్రాల ఇంజన్ దిగింది. దానికి నీళ్లు కావాలి కాబట్టి ముందు డిక్కీలో రేడియేటర్ పెట్టి, గాలి కోసం డిక్కీ మూతకు కంతలు కోశాడు. పాత ఇంజన్‌ను ఆలూర్ రైతు గంగన్న పట్టుకుపోయాడు. ఎండిన పసుపు కొమ్ములను డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి మెరుస్తాయి కదా, ఆ డ్రమ్ము తిప్పడానికట. నాకు నవ్వొచ్చింది.

ఇక లాభాలు వినండి. ఆర్మూర్ నుంచి ఆలూర్‌కు పాత ఇంజన్‌తో ఇరవై నిమిషాలు. కొత్త ఇంజన్‌తో? ఇరవై నిమిషాలే! సగం రోడ్డు మీద మక్కలు ఎండబోసి ఉంటాయి, మిగతా సగంలో ట్రాక్టర్ ఎదురొస్తుంది. అయినా తేడా లేదంటారా? ఇదివరకు నెమ్మదిగా పోతే చేతగాక పోతున్నానని నవ్వేవారు. ఇప్పుడు చేతనయ్యీ నెమ్మదిగా పోతున్నాను. దాన్నే సంస్కారం అంటారు.

ఆరోగ్యమా? రోజూ పొద్దున్నే బకెట్‌తో రేడియేటర్ దాకా నడక. పలుకుబడా? కారు ఆపితే చాలు, పదిమంది మూగి వెనక మూత ఎత్తమంటారు. ఎవరికీ కొనే ఉద్దేశం ఉండదు, సలహా మాత్రం ఉంటుంది.

పెండ్లి రోజు రానే వచ్చింది. పూలవల నా చేతులతోనే కప్పాను, ఎప్పటిలాగే ముందు డిక్కీ మీద, వత్తుగా, ఒక్క సందు లేకుండా. ముప్పై ఏళ్లుగా అట్లాగే కప్పుతున్నాం. ఇదివరకు ఆ మూత కింద పెండ్లికూతురి పెట్టె ఉండేది. ఇప్పుడు రేడియేటర్ ఉందన్న సంగతి నా చేతులకు ఎవరు చెప్పాలి?

ఏప్రిల్ ఎండ, సాయంత్రం నాలుగు. ఆలూర్ మొగదల బ్యాండు మొదలైంది. కుర్రాళ్లు మూడడుగులు ముందుకేసి రెండడుగులు వెనక్కి వేస్తున్నారు. వాళ్ల వెనక నా నూట పది గుర్రాలు నిలబడి బుసలు కొడుతున్నాయి. రెండో పాట సగంలో పూల కింద నుంచి ఆవిరి లేచింది. మూడో పాటకు బంతిపూలు కళాయిలో పసుపు ఉడికినట్టు కుతకుత ఉడికాయి. ఇంజన్ ఆగిపోయింది. అది చూసి బ్యాండు కూడా ఆగింది.

ఆ నిశ్శబ్దంలో పక్క కళ్లం నుంచి ఒక చప్పుడు వినిపించింది. టక టక టక టక. గంగన్న పసుపు డ్రమ్ము తిరుగుతోంది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాడట, ఒక్కసారి కూడా ఆపలేదట.

మా అక్క ఆ చప్పుడు వైపు చూసింది. గుర్తుపట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

“నా బరాత్ల మూడు గంటలు నడిచిందిరా,” అంది. “ఒక్క చుక్క నీళ్లు అడగలే.”

మానస చీర కుచ్చిళ్లు పట్టుకుని దిగింది. పెండ్లికొడుకుతో కలిసి బ్యాండు వెనక నడిచి అత్తగారింటికి పోయింది. ఆ వెనక ఖాళీ కారును నేనూ, పెండ్లికొచ్చిన హన్మండ్లూ తోసుకుంటూ పోయాం. ఇది కూడా లాభమే సుమా! మేనకోడలి బరాత్‌లో కారు వెనక నడిచిన మేనమామ మా జిల్లాలో ఇంకెవరున్నారు?

మర్నాడు గంగన్నను బతిమాలాను. పసుపు ఒడిసిందాక ఇంజన్ ముట్టొద్దన్నాడు. ఊళ్లో సగం మంది పసుపు ఇంకా కళ్లాల్లోనే ఉంది. పసుపు తొందరగా అయిపోతే బాగుండునని మొక్కుకుంటున్న మొదటి ఆర్మూర్‌వాణ్ణి నేనే అయి ఉంటాను.

కాబట్టి పాఠకులారా, మీరూ ఇంజన్ మార్చండి. నా దగ్గర ఒకటి అమ్మకానికుంది, కొత్తదానిలాగే ఉంటుంది, నాలుగైదుసార్లు ఆలూర్ దాకా, బరాత్‌లో రెండున్నర పాటలు మాత్రమే నడిచింది.

పెద్ద పెద్ద కోరికలు తీర్చలేకపోయిన మేనమామలు లోకంలో బోలెడుమంది ఉంటారు. మా పిల్ల అడిగింది ఒక్కటే. అది నా షెడ్డులోనే ఉండింది. నేనే దగ్గరుండి విప్పించాను.