మామగారికి మనశ్శాంతి నేర్పించాం

పాఠక మహాశయులారా, ఫోన్ వల్ల మనశ్శాంతి పోతోందని వాపోయేవాళ్ల మాట ఇకనైనా నమ్మకండి. మనశ్శాంతి ఉన్నదే ఫోన్లో! నెల క్రితం మా ఆఫీసువాళ్లు దాన్ని యాప్ రూపంలో మా అందరి ఫోన్లలోనూ వేయించారు.

అందులో ఎన్ని దేశాల జ్ఞానం ఉందనుకున్నారు? ఒక దేశంలో ఆఫీసు వదిలాక ఉద్యోగికి ఫోన్ చేయకూడదట. మా మేనేజరు ఆ నియమం తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. ఆరు దాటితే ఫోన్ చేయరు. "విశ్రాంతిగా ఉన్నారా? రిపోర్టు కూడా విశ్రాంతిగా పంపండి" అని మెసేజ్ పెడతారు.

మరో దేశంలో మనసు కుదుటపడటానికి చెట్ల మధ్య నడుస్తారట. మేమూ నడుస్తున్నాం, ఆఫీసు మెట్ల మీద, ఫోన్లో చెట్లు చూసుకుంటూ. అకౌంటెంటుగారికి కాలు బెణికింది గానీ, పడేటప్పుడు ఆయన ముఖంలో ప్రశాంతత చూసి తీరాలి!

ఇంకో దేశంలో అందరూ పని ఆపి, కలిసి కాఫీ తాగుతారట. మేం ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చుని కాఫీ కప్పు బొమ్మలు పంపుకుంటున్నాం. కడగాల్సిన పని కూడా లేదు.

చిక్కల్లా, యాప్ మనశ్శాంతికి పాయింట్లు వేసి కట్టే కుటుంబ సగటు దగ్గర వచ్చింది. ఇంట్లో ఎంతమంది అని యాప్ అడిగితే, నలుగురని నిజాయితీగా చెప్పాను. నాకు తొంభై పాయింట్లు, మా ఆవిడకు తొంభై నాలుగు, అమ్మాయికి నూట రెండు. మామగారికి సున్నా! ఇల్లు మొత్తానికి ఎర్రరంగు పడింది. ఆఫీసులో తలెత్తుకోలేకపోయాను.

మామగారు రిటైరైన టైలరు. పాతకాలపు బటన్ల ఫోను. సాయంత్రం వరండాలో కూర్చుని ఇంటిల్లిపాది చొక్కాలకు గుండీలు కుట్టడం తప్ప మనశ్శాంతి అంటే ఏమిటో ఎరగరు. నేను ఆఫీసు నుంచి రాగానే ఆయన పక్కన కూలబడి మేనేజర్ని తిట్టిపోస్తుంటే, సూది ఆపకుండా "ఊఁ, తర్వాత?" అనేవారు. అరగంటకల్లా నా దగ్గర తిట్లు అయిపోయి ఆకలి మొదలయ్యేది. ఇది ఏ దేశపు పద్ధతా అని యాప్‌లో వెతికాను. లేదు. అంటే పనికిరాదన్నమాట.

అందుకని ఆయనకో కొత్త ఫోన్ కొనిపెట్టాం.

"నాకెందుకు బాబూ? నేను బాగానే ఉన్నానుగా" అన్నారు.

"అలా అని మీరనుకుంటున్నారు మామయ్యా" అని నచ్చజెప్పాను.

మూడు వారాల్లో ఆయన ఎక్కడికో వెళ్లిపోయారు. పొద్దున శ్వాస, మధ్యాహ్నం అడవి, సాయంత్రం సముద్ర ఘోష. మొన్న మా ఆఫీసు కుటుంబాలన్నిటిలోకీ ఫస్టొచ్చారు. ఇల్లంతా పచ్చరంగే! నా చొక్కాకు రెండు గుండీలు ఊడితే పిన్నీసులు పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంత ప్రగతిలో గుండీలు ఒక లెక్కా?

నిన్న మేనేజరు పదిమందిలో నామీద కేకలేశారు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే వరండాలో కూలబడ్డాను.

"మామయ్యా, ఇవాళ ఏమైందంటే..."

ఆయన కళ్లు తెరవకుండానే ఇయర్‌ఫోన్లు సర్దుకున్నారు. "సముద్రం అయిపోనీ బాబూ, తర్వాత చెబుదువుగాని."

సముద్రం తర్వాత మళ్లీ అడవి వచ్చింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగి, "ఈ రోజు ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా?" అని అడిగింది.

అవునని నొక్కాను. పది పాయింట్లు పడ్డాయి.

అది అబద్ధమని యాప్ కనిపెట్టకముందే ఇదంతా మీకు రాసేస్తున్నాను. మీరేం చేయక్కర్లేదు. మధ్యలో ఒక్కసారి "ఊఁ, తర్వాత?" అనండి, చాలు.