పదిన్నరకి రావలసిన కోపం

ఆ ఉదయం సైకాలజీ మేడం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకి క్లాసులోకి ఎవరో కొత్త మనిషి దూసుకురావాలి, ఏదో ఒక సాకు పెట్టుకుని రెండు నిమిషాలు అరవాలి. ఆ కోపం ఎందుకొచ్చిందో మనస్తత్వశాస్త్రంలోని ఐదు ప్రధాన సిద్ధాంతాల ప్రకారం ఐదు జట్ల విద్యార్థులు చెప్పాలి. ఏ సిద్ధాంతం దేన్ని చూస్తుందో, దేన్ని వదిలేస్తుందో పోల్చి చూపించడం ఆవిడ వంతు. మధ్యాహ్నం రెండింటికి తనిఖీ అధికారి వస్తున్నాడు. పదకొండు మంది విద్యార్థుల కోసం ఒక శాఖ దండగని, మూసేయడమే మంచిదని ప్రిన్సిపాల్ ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నారు. అధికారి ముందు ఈ పాఠం చెప్పి శాఖని నిలబెట్టుకోవాలని ఆవిడ ఆశ. పొద్దున చేసేది రిహార్సల్.

అరిచే మనిషిని పంపే పూచీ నాటకాలు వేయించే తమ్ముడు తీసుకున్నాడు. "నెరిసిన జుట్టు, చేతిలో ఫైలు, మంచి గొంతు. ఆయన అరిస్తే నటన అని ఎవరూ అనుకోరక్కా" అన్నాడు ఫోన్లో. ఆ ధైర్యంతోనే ఆవిడ బయల్దేరింది. ఆలస్యమైందన్న కంగారులో స్కూటర్ని వెనక గేటుకి అడ్డంగా వదిలేసి క్లాసుకి పరుగెత్తింది.

అధికారులు చెప్పిన వేళకన్నా ముందే వచ్చి పట్టుకుంటారని ప్రిన్సిపాల్ అనుభవం. అందుకని వాచ్‌మన్‌ని పిలిచి, తల నెరిసినవాడు ఎవరైనా ఫైలుతో వస్తే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తన గదికి తీసుకురమ్మన్నారు. పదీ ఇరవైకి నటుడు ముందు గేటు దగ్గర ఆటో దిగాడు. వాచ్‌మన్ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

సరిగ్గా అదే సమయానికి అసలు అధికారి వెనక గేటు దగ్గరికి వచ్చాడు. ఆయనదీ నెరిసిన జుట్టే, ఆయన చేతిలోనూ ఫైలే. స్కూటర్ అడ్డుండటంతో కారు బయటే వదిలి, మండే ఎండలో మైదానం దాటి, తలుపు తీసి ఉన్న మొదటి గదిలోకి అడుగుపెట్టాడు. అది సైకాలజీ క్లాసు.

"గేటుకి అడ్డంగా స్కూటర్ పెట్టిందెవరు?"

మేడం మొహం విప్పారింది. వస్తూ వస్తూ గేటు దగ్గర కనబడినదాన్నే సాకుగా అల్లుకున్నాడే అని మురిసిపోయింది.

"నాదేనండి. ఇంకొంచెం గట్టిగా అనండి, వెనక బెంచీకి వినపడలేదు."

ఆయన నిజంగానే గట్టిగా అన్నాడు. ఇలాంటి కాలేజీని ఎక్కడా చూడలేదన్నాడు, అందరి సంగతీ తేలుస్తానన్నాడు, చివరికి ఊపిరందక ఆగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం ఆయనకి కుర్చీ వేసి, ఎంతో సహజంగా ఉందని మెచ్చుకుని, కాసేపు కూర్చుంటే ఆయన గురించే మాట్లాడుకుంటామంది. తన కోపానికి చప్పట్లు పడటం ఉద్యోగంలో అదే మొదటిసారి. ఏం చేయాలో తోచక ఆయన కూర్చున్నాడు.

మనోవిశ్లేషణ జట్టు ముందు లేచింది. ఆ కోపం స్కూటర్ మీద కాదని, చిన్నప్పుడు ఇంట్లో ఎవరికో ఎదురు చెప్పలేక మింగేసిందని వాళ్ళు తేల్చారు. ప్రవర్తనావాదం జట్టు ఒప్పుకోలేదు. అరిస్తే మర్యాద దొరుకుతుందని ఆయన అలవాటు పడ్డారని, కావాలంటే ఇప్పుడు వేసిన కుర్చీనే చూడమని అన్నారు. అందరూ కుర్చీ వైపు చూశారు. ఆయన కూడా వంగి చూసుకున్నాడు. మూడో జట్టుకి ఆలోచనే ముఖ్యం. స్కూటర్ ఎవరినీ అవమానించదు, 'నన్ను లెక్కచేయలేదు' అని ఆయన అనుకోవడంతోనే చిక్కొచ్చిందన్నారు. శరీరాన్ని బట్టి చూసే నాలుగో జట్టు పిల్ల వాదన మానేసి నేరుగా అడిగింది.

"పొద్దున్న ఏమైనా తిన్నారా అండీ?"

"లేదు" అన్నాడు ఆయన, తనకి తెలియకుండానే. ఆ పిల్ల సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి ఇచ్చింది.

చివరిది మానవతావాదం. ఆ జట్టులో ఉన్నది ఒక్కతే, ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి. "ఇంతమందిమి ఈయన గురించి చెప్పాం. ఈయన్ని ఎవరూ అడగలేదు" అని ఆయన వైపు తిరిగింది. "మీకేం కావాలండి?"

ఆయన నోట్లో ఉన్న బిస్కెట్ మింగాడు. "కాసిని మంచినీళ్ళు" అన్నాడు. ఆ తర్వాత, "ఇరవై రెండేళ్ళుగా కాలేజీలు తిరుగుతున్నానమ్మా. ఏం తప్పులు దొరికాయని అడుగుతారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఇంత బాగా నటించేవాడికి సినిమాల్లో ఎందుకు వేషాలు రాలేదో మేడంకి అర్థం కాలేదు. బోర్డు మీద ఐదు గళ్ళు గీసి, ఒకరు ఆయన వెనకటి రోజుల్ని, ఒకరు అలవాటుని, ఒకరు ఆలోచనని, ఒకరు కడుపుని, ఒకరు ఆయన్నే చూశారని, ఏ ఒక్క గడిలోనూ మనిషి మొత్తం పట్టడని చెప్పింది.

అక్కడ ప్రిన్సిపాల్ గదిలో ఆరుగురు లెక్చరర్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. విద్యార్థులు కాస్త ముదిరినట్టున్నారని నటుడికి అనిపించింది గానీ, ఒప్పుకున్న పని చేయక తప్పదు. బల్ల గుద్ది మొదలుపెట్టాడు. రెండు నిమిషాలూ అయిపోయినా ఎవరూ ఎదురు చెప్పలేదు, పైగా ప్రిన్సిపాల్ ప్రతి మాటా రాసుకుంటున్నారు. అలాంటి ప్రేక్షకుల్ని ఏ నటుడూ వదులుకోడు. కిర్రుమంటున్న ఫ్యాన్‌ని తిట్టాడు, పగిలిన కిటికీని తిట్టాడు, చివరికి అది సైకాలజీ క్లాసని మేడం తమ్ముడు చెప్పిన మాట గుర్తొచ్చి, "సైకాలజీ అంటే ఇలాగేనా ఉండేది?" అన్నాడు.

శాఖని మూసేద్దామన్న సంగతి బయటపడిపోయిందని, అధికారి కోపమంతా అందుకేనని ప్రిన్సిపాల్ అనుకున్నారు. పాత ఉత్తరం చింపేసి, సైకాలజీ శాఖ కొనసాగుతుందని, ముందు భవనంలో రెండు గదులు, సొంత లైబ్రరీ ఇస్తామని అప్పటికప్పుడు రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఆయన చేతికిచ్చారు. ఆ తర్వాత అందరినీ వెంటేసుకుని క్లాసుకి నడిపించారు.

"సార్, ఇదే మా సైకాలజీ శాఖ. కాలేజీకి ప్రాణం" అన్నారు గుమ్మంలో.

నటుడు పిల్లల్ని చూసి నాలిక్కరుచుకున్నాడు. "నేను అరవాల్సింది ఇక్కడా మేడం? మీ తమ్ముడుగారు గది నంబరు చెప్పలేదండీ."

కుర్చీలో ఉన్నాయన ఒళ్ళో పడిన బిస్కెట్ పొడి దులుపుకుని, జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. మేడం బోర్డు వైపు తిరిగింది. బోర్డు మీద ఐదు గళ్ళలో తనిఖీ అధికారి ఆరబెట్టిన బట్టల్లా వేలాడుతున్నాడు.

"నన్ను కూర్చోబెట్టి ఐదు రకాలుగా విడదీశారు" అన్నాడు ఆయన. ఆవిడ క్షమించమనబోయింది. "ఒక్కటీ తప్పు లేదమ్మా. ఇరవై రెండేళ్ళలో నేను నోరు మూసుకుని విన్న పాఠం ఇదొక్కటే."

నటుడి చేతిలోని కాగితం అందుకుని, రెండుసార్లు చదివి, తన ఫైలులో పెట్టుకున్నాడు. అది పొరపాటున ఇచ్చిందని ప్రిన్సిపాల్ గొణిగారు.

"సంతకం ఉంది, ముద్ర ఉంది, ఆరుగురు సాక్షులున్నారు. ఎవరి చేతికిచ్చారన్నది నా తనిఖీలోకి రాదు" అన్నాడు అధికారి.

పిల్లలు ఈసారి కొట్టిన చప్పట్లకి పక్క క్లాసులు బయటికొచ్చాయి. నెల తిరక్కుండా శాఖ ముందు భవనానికి మారింది. మరుసటి ఏడాది నలభై ఆరుగురు చేరారు, తలుపు పక్కన మేడం పేరుతో ఇత్తడి పలక వెలసింది. ప్రిన్సిపాల్ మాత్రం, ఎవరు కోప్పడినా ముందు గుర్తింపు కార్డు చూపించమంటున్నారు, ఇంట్లో భార్యతో సహా.