కుర్చీలో కూర్చున్నవారి మాట

ఆ ఉదయం సెలూన్ బాబాయి ఒకే ఒక పని పెట్టుకున్నాడు: కాఫీ తాగేలోపు భార్యకు నిజం చెప్పేయడం. సెలూన్‌కు రెండో కుర్చీ కొనాలని ఆవిడ మిషన్ కుట్టి కూడబెట్టిన డబ్బును, బావమరిది మాట విని, ఆయన గుట్టుగా ఒక క్రిప్టో ఎక్స్ఛేంజీలో పెట్టాడు. అది పోయిన వారం బోర్డు తిప్పేసింది. ఖాతాదారుల సొమ్ము ఎక్కడుందో, అసలు ఉందో లేదో ఎవరికీ తెలియదు. కాఫీ అయిపోయింది, నిజం మాత్రం గొంతు దాటలేదు. సాయంత్రం చెబుదాంలే అనుకుని వెళ్ళి షాపు తీశాడు.

బాబాయికి వృత్తిలో ఒక నియమం ఉంది. కుర్చీలో కూర్చున్నవారు ఏమన్నా "అవునండీ" అనాలి. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు వాదన మొదలైతే తల కదులుతుంది, తల కదిలితే షాపు పేరు పోతుంది. ఈ ఒక్క మాటతోనే ఆయన వీధిలో తెలివైనవాడు అనిపించుకున్నాడు.

మొదట రిటైరైన లెక్చరరు గారు వచ్చారు. గడ్డానికి నురగ పూయించుకుంటూ, "ఆ ఎక్స్ఛేంజి సొమ్ము ఎక్కడికీ పోలేదయ్యా. శుక్రవారం తిరిగి ఇచ్చేస్తారేమో," అన్నారు.

"అవునండీ."

"ఈ కబురు నీ దాకా కూడా వచ్చిందా?"

"అవునండీ."

నురగతో పాటు ఆయన మాటలోని అనుమానం కూడా తుడిచిపెట్టుకుపోయింది. తరవాత మందుల షాపాయన కూర్చుని, "ఒక్క పైసా రాదు, రాసిపెట్టుకో," అన్నాడు. దానికీ బాబాయి అవునండీ అనే అన్నాడు. కానీ చేదు మాట ఎవరికి కావాలి? వీధిలోకి వెళ్ళింది శుక్రవారం మాటే.

మధ్యాహ్నం టీ కొట్టాయన పరుగున వచ్చాడు. "బాబాయ్, విన్నావా? శుక్రవారం డబ్బులిచ్చేస్తున్నారంట! వడ్డీతో సహా! బాగా తెలిసినవాళ్ళే చెప్పారంట."

బాబాయికి పోయిన ప్రాణం లేచివచ్చింది. వెంటనే భార్యకు ఫోన్ చేసి, "నీ డబ్బు ఆ ఎక్స్ఛేంజీలో పెట్టా. కంగారు పడకు, శుక్రవారం వడ్డీతో వచ్చేస్తోంది," అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అదే ఊపులో కుర్చీల కొట్టుకు కూడా ఫోన్ చేసి, ఎర్రరంగు తిరిగే కుర్చీ పంపమన్నాడు.

భార్య మిషన్ కింద గుడ్డ అలాగే వదిలేసి షాపుకు వచ్చింది. అప్పటికి కుర్చీలో ఎవరో కొత్త మనిషి సగం గడ్డంతో ఉన్నాడు.

"శుక్రవారం అని ఎవరన్నారండీ?"

"టీ కొట్టాయన."

టీ కొట్టాయన్ని పిలిస్తే లెక్చరరు గారి పేరు చెప్పాడు. లెక్చరరు గారిని పిలిస్తే ఆయన నోరు వెళ్ళబెట్టారు. "నాకేం తెలుసమ్మా? ఊరికే అన్నాను. ఖాయం చేసింది మీ ఆయనే!"

కుర్చీలోని కొత్త మనిషి నిట్టూర్చాడు. "ఆ సొమ్ము వెతకమని కోర్టు పంపింది నన్నేనండీ. వెతకని చోటు లేదు. సెలూనాయనకి అన్నీ తెలుసు అంటే ఇలా వచ్చాను. మరి ఇందాక, డబ్బు విదేశాలకి పోయిందా అంటే అవునన్నారే?"

"అవునండీ," అన్నాడు బాబాయి.

అధికారి మిగతా గడ్డం గీయించుకుని వెళ్ళిపోయాడు. లెక్చరరు గారికి ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎర్రకుర్చీ ఆటో దిగింది. భార్య దాని చేతిని ఒక్కసారి తడిమింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీని వెనక్కి తీసుకెళ్ళిపొమ్మంది.

తరవాత వచ్చి పాతకుర్చీలో కూర్చుని, తల వెనక్కి వాల్చింది.

"ఇకమీదట గల్లాపెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది."

"అవునండీ."

"మా తమ్ముడు ఏం చెప్పినా ముందు నన్నడుగుతారు."

"అవునండీ."

ఆ రోజు ఆ కుర్చీ పక్కన బాబాయి అన్న అవునండీల్లో నిజమైనవి ఆ రెండే.