నాలుగు వందల మంది ఆయాలు

పిల్లల్ని పెంచే చేతులే దేశాన్ని పెంచుతాయని శిశు సంరక్షణ మంత్రిగారు మంగళవారం ఉదయం పదిన్నరకు ప్రకటించారు. పదీ ఇరవై తొమ్మిది దాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ప్రకటన సారాంశం ఇది. మహమ్మారి మొదలైన దగ్గర్నుంచి డాక్టర్లూ నర్సులూ పోలీసులూ ప్రాణాలకు తెగించి పనిచేస్తున్నారు. వాళ్ళ పిల్లల్ని ఇళ్ళలో ఆయాలు చూసుకుంటున్నారు. కాబట్టి ఆయాలు కూడా ఫ్రంట్‌లైన్ వర్కర్లే. ముసలివాళ్ళకన్నా ముందు, జబ్బు మనుషులకన్నా ముందు, మా ఊరి ఆయాలకు నాలుగు వందల డోసులు కేటాయించారు. వింటూంటే నాకు కళ్ళు చెమర్చాయి. ప్రభుత్వానికి ఇంత మంచి ఆలోచన వచ్చినప్పుడు ఎవరికైనా కళ్ళు చెమర్చాలి. అనుభవం ఉన్నవాడికి కొంచెం భయం కూడా వేయాలి.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. బడి మూతపడి ఏడాదైంది. బొమ్మలేసుకునేవాడికి ఇంట్లో ఏం పనని నన్ను టీకా కేంద్రంలో అర్హతల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కేంద్రం మా బడే. బల్ల కూడా నా క్లాసుదే, ఒక కాలు పొట్టి. నా పక్క కుర్చీలో స్పెషల్ ఆఫీసరుగారు. ఆయన అంతకుముందు తూనికలు, కొలతల శాఖలో ఉండేవారు. దేన్నయినా కొలిస్తే తప్ప నమ్మరు.

మొదటి రోజు ఒంటిగంట దాకా ఒక్క ఆయా రాలేదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, అదీ ఇంగ్లీషులో, రెండు పీడీఎఫ్‌లు జతచేసి. ఆయాలేమో ఆ వేళప్పుడు ఎవరి పిల్లలకో ముద్దలు తినిపిస్తున్నారు. ఒంటిగంటా పదికి మొట్టమొదటి ఆయా విచ్చేశారు. బంగారు ఫ్రేము కళ్ళజోడు, చేతిలో కారు తాళాలు. ఊళ్ళోకల్లా పెద్ద వకీలుగారు.

తాను ఇంజనీరుగారి పిల్లలకు ఆయానని ఆయన ఉత్తరం చూపించారు. వెనకే ఇంజనీరుగారు వచ్చి, తాను వకీలుగారి పిల్లలకు ఆయానని ఇంకో ఉత్తరం చూపించారు. రెండు ఉత్తరాలూ ఒకే కాగితాన్ని మధ్యకి చింపి రాసినవి.

"పిల్లల వయసెంతండీ?" అని అడిగాను.

"పెద్దవాడు ఎంబీఏ," అన్నారు వకీలుగారు.

ఆఫీసరుగారు రూల్సు తిరగేశారు. పిల్లలంటే ఎంత వయసు వరకో ప్రకటనలో లేదు. కన్నవాళ్ళకు పిల్లలెప్పుడూ పిల్లలేనని చెప్పి ఆయన రెండు ఉత్తరాల మీదా సంతకం పెట్టారు.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే క్యూ బడి గేటు దాటి వీధి మలుపు తిరిగింది. బ్యాంకు మేనేజరుగారు వచ్చి తన స్టాఫంతా తనకు పిల్లల్లాంటివాళ్ళేనన్నారు. పార్టీ యువజన కార్యదర్శి ముప్ఫై ఎనిమిది మంది అనుచరుల లిస్టు తెచ్చి, వీళ్ళందర్నీ ఏడేళ్ళుగా తనే సాకుతున్నానని వాపోయాడు. అతనికి ఆయాగా ఒక డోసూ, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు సాకుతారు గనక ముప్ఫై ఎనిమిది డోసులూ మంజూరయ్యాయి. మా ఊరి చంటిపిల్లలు ఇంత పెద్దమనుషుల చేతుల్లో పెరుగుతున్నారని నాకు అంతవరకూ తెలియదు. ఎన్నడూ చెప్పుకోకుండా ఎంత సేవ చేస్తున్నారో.

మూడో రోజు ఒక దినపత్రిక, ఆయాల్లో ఆడవాళ్ళు ఎక్కడా కనపడలేదే అని రాసింది. మంత్రిగారు నొచ్చుకున్నారు. బోగస్ ఆయాలను ఏరిపారేస్తామని ఆ రోజే ఇంకో ప్రకటన చేశారు. ఆఫీసరుగారికి తన పాత శాఖ గుర్తొచ్చి మొహం వికసించింది. ఆయాతనాన్ని కొలవడానికి ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. ఒకటో తరగతి గదిలోంచి ప్లాస్టిక్ పాప బొమ్మను తెప్పించారు. పడుకోబెడితే కళ్ళు మూసుకుంటుంది, ఎత్తితే తెరుస్తుంది. డ్రిల్లు మాస్టారి దగ్గర్నుంచి స్టాప్‌వాచీ వచ్చింది. తొంభై సెకన్లలో బొమ్మకు డైపరు మార్చాలి. పదికి ఆరు వస్తే పాసు.

శుక్రవారం పొద్దుటికల్లా బస్టాండు ఎదురుగా కోచింగ్ సెంటరు వెలిసింది. 'ఒక్క పూటలో ఆయా. బొమ్మ మాదే' అని బోర్డు. నడిపేది ఆఫీసరుగారి తోడల్లుడు. ఆయనకు అనుభవం లేదనడానికి వీల్లేదు, అదే గదిలో మొన్నటిదాకా డ్రైవింగ్ స్కూలు నడిపాడు.

పరీక్షలో ఊరి రికార్డు మంత్రిగారి బావమరిదిది. ఆయన రోడ్ల కాంట్రాక్టరు. ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడి చేత్తో బొమ్మను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, తారు లోడు ఎక్కడిదాకా వచ్చిందని ఎవర్నో తిడుతూ, పంతొమ్మిది సెకన్లలో డైపరు తగిలించేశారు. ఆ ఊపులో బొమ్మ చెయ్యి ఊడి నా రిజిస్టరు మీద పడింది. చేతులకు మార్కుల్లేవు గనక పదికి పది వచ్చాయి. సర్టిఫికెట్ నేనే అందించాను. దాని అంచు నేను వేసిందే, చుట్టూ పాలసీసాల దండ. బావమరిదిగారి డోసును మాత్రం ఆదివారం సభలో, వేదిక మీద, నాలుగు వందలవదిగా వేయాలని అట్టే పెట్టారు.

ఆ మధ్యాహ్నమే, క్యూ పల్చబడ్డాక, ఒక ఆయా వచ్చింది. అంటే, ఆయా.

ఆమెను ఊళ్ళో అందరం ఆయమ్మ అంటాం. మంత్రిగారింట్లో ఇరవై రెండేళ్ళుగా ఉంటోంది. మంత్రిగారి కూతుర్ని తనే పెంచింది. ఇప్పుడు ఆ కూతురి కొడుకుని పెంచుతోంది. బాబుకు ఏడాదిన్నర. ఆమె చేత్తో పెడితేనే తింటాడు, ఆమె భుజం మీదైతేనే పడుకుంటాడు. వచ్చే సోమవారం నుంచి సర్టిఫికెట్ లేనిదే గడప తొక్కొద్దని మంత్రిగారి భార్య చెప్పారట. ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చుంది.

"పని పోతుందని కాదు సార్, పోతే పోతుంది," అంది. "రోజూ రెండు బస్సులు మారి వెళ్తాను. ఆ బస్సులో ఏదన్నా అంటుకుని, అది నేను మోసుకెళ్ళి వాడికి అంటిస్తే ఇంక నేను బతికి ఏం లాభం? ఆ సూదేదో వేసెయ్యండి సార్, వెళ్ళిపోతాను."

అమ్మగారు ఇచ్చిన ఉత్తరం తీసి ఇచ్చింది. మంచి కాగితం. 'ఈమె మా ఇంటి మనిషి. పనిమనిషి అని మేము ఏనాడూ అనుకోలేదు, అనుకోబోము' అని ఉంది. ఆఫీసరుగారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈ రోజుల్లో ఇంత ఆప్యాయత ఎక్కడుందని నన్నడిగారు. తరవాత ఉత్తరం మీద 'నిరాకరించడమైనది' అని ముద్ర వేశారు.

ఎందుకు కుదరదో ఓపిగ్గా వివరించారు కూడా. ఆయా అంటే ఒకరి కింద పనిచేసే మనిషి. పనిమనిషి కాదని యజమానే రాసిచ్చాక ఇక ఆయా ఎలా అవుతుంది? ఇంటి మనిషి ఇంటి బిడ్డను చూసుకోవడం మమకారం. మమకారానికి కోటా లేదు.

"పోనీ ఇంటి మనిషిగానే వేయండి సార్."

మంత్రిగారి ఇంటి మనుషుల లిస్టు తీశారు. ఏడుగురికీ ఎప్పుడో పడ్డాయి, అందరూ బాబుకు ఆయాలుగానే. ఎనిమిదో పేరు లేదు.

"ఇంతకీ నువ్వుండేది ఎక్కడమ్మా?"

"మార్కెట్ వెనకాల సార్. అద్దె గది."

"మరి మంత్రిగారి ఇంటి మనిషినంటావేం?"

"నేననలేదు సార్. అమ్మగారు రాశారు."

ఆయాగా పనిచేస్తోందని ఇంకో ఉత్తరం రాయించుకు రమ్మని నేను సలహా ఇచ్చాను. అప్పటికే అడిగిందట. అలా రాస్తే రేపు లేబరాఫీసువాళ్ళు వచ్చి ఇరవై రెండేళ్ళదీ కూపీ లాగుతారని అమ్మగారు భయపడ్డారట. పాపం, పెద్దవాళ్ళ భయాలు పెద్దవి.

కనీసం పరీక్షయినా పెట్టమని ఆఫీసరుగారిని బతిమాలాను. అందులో నెగ్గితే ఉత్తరం సంగతి పైవాళ్ళకు రాయొచ్చు కదా అన్నాను. ఆయన దయగలవారు, స్టాప్‌వాచీ నొక్కారు.

ఆయమ్మ ముందు చేతులు కడుక్కొచ్చింది. తరవాత నా రిజిస్టరు మీదున్న చెయ్యి తీసి, మెల్లగా తిప్పుతూ బొమ్మ భుజంలోకి ఎక్కించింది. తల మోచేతి వంపులో ఆనేలా ఎత్తుకుని, కింద తడిమి చూసి, బల్ల మీద పడుకోబెట్టింది. బొమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పక్కన కూర్చుంది. ముప్ఫై సెకన్లయింది. అరవై అయింది.

"కానీయమ్మా," అన్నారు ఆఫీసరుగారు.

"తడవలేదు సార్. పైగా పడుకుంది," అని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. "పడుకున్న బిడ్డను లేపి మరీ మార్చడమెందుకు?"

తొంభై సెకన్లయ్యాయి. పదికి సున్నా.

ఆమె సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. నా సొరుగులో ఖాళీ సర్టిఫికెట్లున్నాయి. ఆఫీసరుగారి సంతకం నేను కళ్ళు మూసుకుని వేయగలను, ముప్ఫై ఏళ్ళుగా గీతలతోనే నా బతుకు. ఒక్క నిమిషం పని. కానీ రిటైరవడానికి పదకొండు నెలలుంది. వేయలేదు. నాకు సిగ్గేసింది, దాన్ని కూడా సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను.

ఆదివారం సాయంత్రం బడి హాల్లో సభ. 'ఆయమ్మకు వందనం' అని బ్యానరు. గేటుకు 'టీకా లేనివారికి ప్రవేశం లేదు' అని బోర్డు. రెండింటి మీదా అక్షరాలు నావే. హాలు నిండా ఆయాలు, వకీలుగారు, ఇంజనీరుగారు, మేనేజరుగారు, యువజన విభాగం మొత్తం. బాబును చూసుకోవడానికి ఇక సర్టిఫికెట్ ఉన్న మనిషే ఉండాలి గనక, మంత్రిగారింట్లో వాళ్ళు బావమరిదిగారినే నియమించుకున్నారు. వరసకు బాబుకు తాత అవుతారు. ఆయన బాబును ఎత్తుకుని వేదికెక్కారు. ఈసారి ఫోను కుడి చేతిలో ఉంది.

నాలుగు వందలవ డోసు చప్పట్ల మధ్య పడింది. మంత్రిగారు మైకు అందుకున్నారు. పిల్లల్ని పెంచే చేతులే అని మొదలుపెట్టారో లేదో, బాబు గుక్కపెట్టాడు.

బావమరిదిగారు భుజం మార్చారు. బాబు స్వరం పెంచాడు. అమ్మగారు గిలక్కాయ ఆడించారు. వకీలుగారు లేచి వచ్చి ఏదో వాదించి చూశారు. వాడు మొహం కందిపోయి, ఊపిరి తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. మంత్రిగారి మాట ఒక్కటీ వినిపించడం లేదు. ఆఫీసరుగారు ఇంకో మైకు లాక్కుని, సభలో ఎవరైనా ఆయా ఉంటే దయచేసి వేదిక మీదకు రావలసిందన్నారు.

నాలుగు వందల మంది ఆయాలు తమ బూట్ల వంక చూసుకున్నారు.

నేను బయటికి పరిగెత్తాను. ఆయమ్మ గేటు అవతలే ఉంది. వాడు పడుకునేటప్పుడు గుప్పిట్లో పట్టుకునే మెత్తటి గుడ్డ ఇంట్లో మరిచిపోయారట, ఇచ్చి పోదామని వచ్చి అప్పటికే గంట నుంచి నిలబడింది. లోపలి ఏడుపు విని ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. గేటు తీశాను. నా సర్వీసులో నేను చేసిన సాహసం అదొక్కటే. ఆమె కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, మాస్కు మీద ఇంకో మాస్కు కట్టుకుని వేదికెక్కింది. బాబును భుజానేసుకుని వీపు మీద రెండుసార్లు తట్టింది. వాడు వెక్కి, ఆమె మాస్కు నాడాను గుప్పిట్లో పట్టుకుని, మెడ వంపులో మొహం దాచుకున్నాడు.

ఏడుపు ఆగింది. మంత్రిగారు ఆమెకేసి చూశారు. ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషే, మాస్కు ఉంది గనక ఆనవాలు పట్టలేదేమో.

"చూశారా," అన్నారు సభకేసి తిరిగి. "టీకా వేసుకున్న ఆయాకూ, వేసుకోని ఆయాకూ ఇదీ తేడా."

ఆఫీసరుగారు నా చెవిలో ఆమె సర్టిఫికెట్ నంబరు అడిగారు. నేను నేల చూపులు చూశాను. ఆయన మొహం పాలిపోయింది. టీకా లేని మనిషి మంత్రిగారి మనవణ్ణి ముట్టుకుంది. వెంటనే బాబును తీసుకోమన్నారు. వాడి వేళ్ళు నాడాను వదల్లేదు, ఒక్కొక్కటిగా విప్పదీయాల్సి వచ్చింది. ఆ పనికి ముగ్గురు ఆయాలు కావాల్సొచ్చారు. ఆయమ్మ గుడ్డ మడతపెట్టి కుర్చీలో ఉంచి, మెట్లు దిగి గేటు వైపు నడిచింది.

బాబును మళ్ళీ బావమరిదిగారి చేతికిచ్చారు. ఆదర్శ ఆయా షీల్డు కూడా ఆయనకే ఇచ్చారు. వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఫీసరుగారు రెండు చేతులూ పైకెత్తి సభకు సైగ చేశారు. నాలుగు వందల మంది ఆయాలు లేచి నిలబడి, ఏడుపు వినపడనంతసేపు చప్పట్లు కొట్టారు.

నా చేతులూ ఖాళీగానే ఉన్నాయి. నేనూ కొట్టాను.