మూడొందల నాలుగు ముందు చెప్పుల గుట్ట

ఆ ఆదివారం పొద్దున పద్మనాభం ఇంట్లో తలపెట్టిన పని చాలా చిన్నది. చెప్పుల అలమర కడగాలి, అంతే. పదకొండింటికి బావమరిది అమ్మిరాజు కాకినాడ నుంచి దిగుతున్నాడు. అతను ఊరికే రావడం లేదు. మెట్టుగూడలోని ఈ మూడొందల నాలుగో నంబరు ఫ్లాటు అమ్మించి, అక్కాబావలను కాకినాడ తీసుకుపోవడానికి వస్తున్నాడు. బ్యాంకులో బావ ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ కూడా తనే రాసి తెస్తున్నాడు. బావ సంతకం గీకితే చాలు.

పద్మనాభానికి సికింద్రాబాదు వదలడమంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ భార్య లీలాకుమారిది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "ఆరేళ్ళయిందండీ వచ్చి. ఒక్కరంటే ఒక్కరు మన గడప తొక్కారా?" అంటుంది ఆవిడ. నిజమే మరి. ఆయన చూస్తే మహా మొహమాటస్థుడు. లిఫ్టులో ఎవరైనా ఎక్కితే, దిగేదాకా అంకెల వంక చూస్తూ నిలబడే రకం.

తొమ్మిదింటికల్లా లీలాకుమారి తలంటుకుని, విరబోసుకున్న జుట్టుతోనే పనిలోకి దిగింది. సోఫా గోడకు నెట్టించింది. నేల కడిగి తలుపులు బార్లా తెరిచింది. చెప్పులన్నీ తెచ్చి గుమ్మం బయట పోసింది. ఉన్నది ఇద్దరే అయినా ఇరవై రెండు జతలు తేలాయి. పద్మనాభం ఉద్యోగంలో చేరిన రోజు తొడిగిన బూట్లు కూడా అందులో భద్రంగా ఉన్నాయి. ఫినాయిల్ ఘాటుకు ఆవిడ కళ్ళు చింతనిప్పులయ్యాయి. పద్మనాభం మాత్రం తెల్ల పంచె కట్టుకుని, సంతకం గురించి బెంగపడుతూ, ఖాళీ హాల్లో చెంపన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి కమలాబాయి కూరగాయల సంచితో లిఫ్టు దిగింది. ఎప్పుడూ మూసి ఉండే తలుపు బార్లా తెరిచి ఉంది. బయట చెప్పుల గుట్ట. లోపల మాటా పలుకూ లేదు. జుట్టు విరబోసుకున్న ఇల్లాలు కళ్ళు తుడుచుకుంటోంది. ఇంకేం కావాలి? సంచి తన గుమ్మంలో పడేసి, చెప్పులు ఆ గుట్ట పక్కనే విడిచి, గబగబా వచ్చి లీలాకుమారి రెండు చేతులూ పట్టుకుంది.

"పరేషాన్ గాకమ్మా. మేమందరం లేమా? ఏ తక్లీఫున్నా నాకు చెప్పాలె."

ఆరేళ్ళలో అలాంటి మాట ఎరగని లీలాకుమారికి దుఃఖం ఆగలేదు. భోరుమంది. "కూర్చోండి వదినగారూ, ఇప్పుడే వస్తా" అంటూ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పరుగెత్తింది. పాపం, చాటుకుపోయి ఏడుస్తోందనుకుంది కమలాబాయి. పోయింది ఎవరో మాత్రం అడగలేదు. చావింటికొచ్చి ఎవరు పోయారని ఎవరైనా అడుగుతారా, ఎంత అమర్యాద! బయటికొచ్చి అసోసియేషన్ సెక్రటరీ విజయేందర్‌కు ఫోన్ చేసింది. ఆయన రెండు నిమిషాల్లో అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. పద్మనాభం ఫోను పడగ్గదిలో ఛార్జింగ్‌లో ఉంది.

ఇక మొదలైంది రాక. ఒకరి చెప్పుల పక్కన ఒకరు చెప్పులు విడవడం, తల వంచుకుని లోపలికి రావడం, శవం లోపలి గదిలో ఉందనుకుని అటో చూపు చూడటం, పద్మనాభానికి నమస్కారం పెట్టి నేల మీద సద్దు లేకుండా కూర్చోవడం. పది మంది, ఇరవై మంది, ముప్పై మంది! వంటింట్లోంచి తొంగి చూసినప్పుడల్లా లీలాకుమారి కాఫీకి ఇంకాసిని పాలు పోస్తోంది. పద్మనాభానికి ఒళ్ళు గగుర్పొడిచింది. లిఫ్టులో తను తలెత్తి చూడని మొహాలన్నీ ఇప్పుడు తన ఇంట్లో, తన ఎదుట, ఇంత గౌరవంగా! ఇది ఈ ప్రాంతపు ఆనవాయితీ కాబోలు, ఏడాదికో ఇంటికి ఇలా వచ్చి కూర్చుంటారు కాబోలు అనుకున్నాడు. అడగడానికి మొహమాటం. పై అంతస్తు ప్రేమమణి బైబిల్ తెరిచి మెల్లగా ప్రార్థన చేస్తుంటే, ఆయన కూడా చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. జన్మలో ఇంతటి ఆదరణ ఎరగడు. కంటి కొసలు తడిశాయి.

విజయేందర్ పక్కకొచ్చి వంగాడు. "ఇంకెవరన్న రావాల్నా సార్?"

"మా బావమరిది రావాలండీ. ఈపాటికి స్టేషన్లో దిగి ఉంటాడు."

"ఫికర్ జెయ్యకుండ్రి. ఆయన వచ్చేదాక ఆపుదాం. ఏర్పాట్లన్నీ మేం జూస్కుంటం."

ఏం ఆపుతారో, ఏం ఏర్పాట్లో పద్మనాభానికి అర్థం కాలేదు. ఆ మంచితనం ముందు ప్రశ్న వేయడానికి నోరు రాలేదు.

ఇంతలో మెట్ల మీద దడదడలాడింది. లిఫ్టులో పట్టని, శవాన్ని ఉంచే పొడుగాటి ఫ్రీజర్ బాక్సును ఇద్దరు మనుషులు మోసుకొస్తున్నారు. వాళ్ళ వెనకే అమ్మిరాజు. 'మూడొందల నాలుగుకి' అని వాళ్ళు చెప్పింది విన్నాడు, చెప్పుల గుట్ట చూశాడు, తెల్ల పంచె కట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్న బావను చూశాడు. బ్యాగు జారిపోయింది.

"బావా! ఎంత ఘోరం జరిగిపోయింది బావా! రాత్రి కూడా ఫోన్లో మాట్లాడిందే! మా అక్క ఎలా పోయింది బావా!" అని గుండెలు బాదుకుంటూ హాలు మధ్య కూలబడ్డాడు. ముప్పై మందీ ఒక్కసారి ఘొల్లుమన్నారు. కమలాబాయి మాత్రం నోరు తెరిచి వంటింటి వంక చూసింది.

వంటింట్లోంచి లీలాకుమారి పెద్ద పళ్ళెం నిండా కాఫీ గ్లాసులతో వచ్చింది.

"పోవడమేంట్రా? కాఫీ పెడుతున్నా."

ఏడుపు ఎక్కడిదక్కడ ఆగింది. అందరూ విజయేందర్‌ను చూశారు. విజయేందర్ కమలాబాయిని చూశాడు.

"నన్నేం జూస్తరు? గన్ని చెప్పులు మంది లేంది యాడికెళ్ళి వస్తయి?" అంది కమలాబాయి.

"అవన్నీ మావేనండీ. అలమర కడుగుదామనీ..." లీలాకుమారి పళ్ళెం కింద పెట్టింది.

మొదట ప్రేమమణి బైబిల్ అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. విజయేందర్ ఫ్రీజర్ బాక్సును వెనక్కి పంపడానికి మెట్ల మీద పరుగెత్తాడు.

"అయితే వదినగారూ, ఇన్నాళ్ళూ ఒక్కసారైనా రాలేదేం?" అని అడగనే అడిగింది లీలాకుమారి.

"ఎట్ల వస్తమమ్మా? మీ దర్వాజ ముంగట ఎన్నడన్న ఒక్క చెప్పు కనవడ్డదా? అద్దం లెక్క తుడిసి పెడ్తవు. గాడ మా చెప్పులు ఇడిస్తె ఏమనుకుంటదో అని మేమే భయపడ్డం."

లీలాకుమారి గుమ్మం ముందు చెప్పుల గుట్ట వంక చూసింది. శుభ్రంగా ఉందామనుకుందే తప్ప, అది చూసి జనం వెనక్కి మళ్ళుతారని కలలో కూడా అనుకోలేదు.

కాఫీలయ్యాక చెప్పుల వెతుకులాట మొదలై గంట దాకా తెమలలేదు. ఎవరి జత ఏదో తెలియదు. పద్మనాభం నేల మీద గొంతుక్కూర్చుని ఒక్కో జతా ఎత్తి చూపిస్తూ, పేరు అడుగుతూ, చేతికందించాడు. ఆరేళ్ళలో తెలియని పేర్లన్నీ ఆ గంటలో తెలిశాయి. వెళ్తూ వెళ్తూ ప్రతివాళ్ళూ "మళ్ళ వస్తం సార్" అంటుంటే, ఆయన దేవుడు కనిపించినట్టు చూస్తూ నిలబడిపోయాడు.

అందరూ వెళ్ళాక అమ్మిరాజు మొహం కడుక్కుని, బ్యాగులోంచి అర్జీ తీశాడు. "అక్కా, మరి కాకినాడ సంగతి?"

"కాకినాడలో నేను నిజంగా పోయినా ఇంతమంది రారురా" అంది లీలాకుమారి.

ముప్పై మంది ముందు గుండెలు బాదుకుని అక్కను అప్పుడే పైకి పంపేసిన అమ్మిరాజుకు, ఆమెను ఇంకెక్కడికీ రమ్మనే ధైర్యం లేకపోయింది.